ఎనిమిది సెకన్ల తర్వాతే అసలు ప్రమాదం: బుల్ రైడింగ్ చూడబోయే వాళ్లకు జాగ్రత్తలు

జనవరి వచ్చిందంటే టెక్సస్‌లో రోడియోల కాలం మొదలైనట్టే. రోడియో అంటే గుర్రాలు, ఆబోతుల మీద స్వారీ చేసే పోటీలు, అందులో ఆబోతు స్వారీయే బుల్ రైడింగ్. ఫోర్ట్‌వర్త్ స్టాక్ షో ఆ నెల మధ్యలో మొదలై ఫిబ్రవరి తొలి రోజుల దాకా సాగుతుంది. ఆ తర్వాత మార్చిలో హ్యూస్టన్ రోడియో. ప్రొఫెషనల్ బుల్ రైడర్స్ అనే సంస్థను ఇక్కడ అందరూ పీబీఆర్ అంటారు. ఆ పోటీలు ఊరూరా తిరిగి మేలో వరల్డ్ ఫైనల్స్‌తో ముగుస్తాయి, జులైలో మళ్లీ టీమ్ పోటీలు మొదలవుతాయి. "ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, ఒకసారి చూపిద్దామనుకుంటున్నాం. పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చా?" అని ప్రతి ఏడాదీ తెలిసినవాళ్లు ఎవరో ఒకరు అడుగుతారు. తప్పకుండా తీసుకెళ్లండి. నాకు ఈ ఆటంటే ప్రాణం. అందుకే కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్లమంటాను.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. రైడర్ ఒక చేత్తో బుల్ రోప్, అంటే ఆబోతు ఒంటి చుట్టూ కట్టిన తాడు, పట్టుకుని ఎనిమిది సెకన్లు ఆబోతు మీద నిలవాలి. రెండో చెయ్యి ఆబోతుకు గానీ తన ఒంటికి గానీ తగిలితే ఆ రైడ్ చెల్లదు. మార్కులు నూటికి వేస్తారు, సగం రైడర్‌వి, సగం ఆబోతువి. అందుకే ఇక్కడ ఆబోతులకు కూడా అభిమానులుంటారు. బుష్‌వాకర్ అనే ఆబోతు ఏళ్ల తరబడి ఎక్కినవాళ్లందరినీ పడేసింది. 2013 ఆగస్టులో టల్సాలో జేబీ మోనీ అనే రైడర్ దాని మీద ఎనిమిది సెకన్లు నిలిచి 95.25 తెచ్చుకున్నాడు. ఈ ఆబోతులు 700 నుంచి 900 కిలోల దాకా తూగుతాయి. నడుము దగ్గర కట్టే తాడు వృషణాలకు బిగిస్తారని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఆ తాడు వెనక కాళ్లకు ముందు, పొట్ట చుట్టూ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎనిమిది సెకన్లకు బజర్ మోగగానే జనం లేచి చప్పట్లు కొడతారు, ఫోన్లు చూసుకుంటారు, పాప్‌కార్న్ కోసం లేస్తారు. ప్రమాదం చాలాసార్లు అప్పుడే మొదలవుతుంది. 1989 జులై 30న వయోమింగ్‌లోని షయాన్‌లో లేన్ ఫ్రాస్ట్ ఎనిమిది సెకన్లూ పూర్తి చేశాడు, కిందికి దిగాడు, బురదలో పడ్డాడు. ఆబోతు వెనక్కి తిరిగి వచ్చి కొమ్ముతో కుమ్మింది. అతనికి 25 ఏళ్లు, అప్పటికే ప్రపంచ చాంపియన్. ఆ చావును కళ్లారా చూసిన స్నేహితుడు కోడీ లాంబర్ట్ తర్వాత రైడర్ల కోసం రక్షణ వెస్ట్ (ఛాతీకి వేసుకునే కవచం) తయారు చేశాడు. ఇప్పుడు పీబీఆర్‌లో వెస్ట్ లేకుండా ఎవరూ ఎక్కరు. 1994 అక్టోబర్ 15న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హెల్మెట్ కూడా తప్పనిసరి. ఇంత చేసినా 2019 జనవరిలో డెన్వర్‌లో మేసన్ లో అనే 25 ఏళ్ల రైడర్ ఛాతీ మీద ఆబోతు కాలు పడి చనిపోయాడు. వెస్ట్ వేసుకునే ఉన్నాడు. 2021 ఆగస్టులో ఫ్రెస్నోలో బ్రెజిల్ కుర్రాడు అమదేవు కాంపోస్ సిల్వా పోయాడు. 22 ఏళ్లు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఇంట్లోనే ఈ మాట చెప్పి తీసుకెళ్లాలని నా కోరిక. మా పాపకు ఆరేళ్లప్పుడు ఏమీ చెప్పకుండా తీసుకెళ్లాను. మూడో రైడ్‌లోనే ఒక కుర్రాడు పడి కదల్లేదు. అరీనా మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, అందరూ టోపీలు తీశారు. "నాన్నా, ఆ అన్న ఎందుకు లేవట్లేదు?" అని అది అడిగితే నా దగ్గర జవాబు లేదు. అతను కాసేపటికి లేచి నడిచి వెళ్లాడు గానీ పాప ఆ రాత్రి నిద్రపోలేదు. ఇప్పుడు వెళ్లే ముందే చెప్తాను: దెబ్బలు తగులుతాయి, డాక్టర్లు అక్కడే ఉంటారు, చూడలేకపోతే నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకో, ఇంటికి వెళ్దామంటే వెంటనే వెళ్లిపోదాం. ఐదేళ్లలోపు పిల్లల్ని మాత్రం తీసుకెళ్లొద్దనే అంటాను. ఇంకో మాట, ఎవరైనా దెబ్బ తగిలి పడి ఉంటే ఫోన్ దించేయండి. ఆ రైడర్ భార్యో తల్లో మీకు రెండు వరసల ముందే కూర్చుని ఉండొచ్చు.

టికెట్ కొనేటప్పుడే చూసుకోవాల్సింది సీటు. పెద్ద ఇండోర్ అరీనాల్లో ఇనుప కంచె గట్టిగా, ఎత్తుగా ఉంటుంది, గేట్ల దగ్గర మనుషులుంటారు. చిన్న ఊళ్లలో ఆరుబయట జరిగే రోడియోల సంగతి వేరు. 2024 జూన్‌లో ఓరెగాన్‌లోని సిస్టర్స్ అనే ఊళ్లో పార్టీ బస్ అనే ఆబోతు కంచె మీంచి దూకి తినుబండారాల స్టాళ్ల వైపు పరుగెత్తింది, జనానికి దెబ్బలు తగిలాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో మసాచుసెట్స్‌లో ఒక మాల్ పార్కింగ్‌లో పెట్టిన రోడియో నుంచి ఎనిమిది ఆబోతులు కంచె తప్పించుకుని బయటపడ్డాయి. కాబట్టి ఆరుబయట అయితే ముందు వరసలు వద్దు. కనీసం ఎనిమిది, పది మెట్లు పైన కూర్చోండి. రైడర్లు ఆబోతు మీదికి ఎక్కే ఇరుకు గదులు (చ్యూట్లు) ఎటున్నాయి, బయటికి వెళ్లే గేటు ఎటుంది అని కూర్చోగానే చూసుకోండి. ఏదైనా తప్పించుకుందని తెలిస్తే మెట్లు దిగి కారు వైపు పరుగెత్తకండి, పైకి ఎక్కండి. నేల మీద ఉంటే బండి వెనకో గోడ వెనకో నిలబడండి.

ముందు వరసలతో దుమ్ము బాధ కూడా ఉంది. నాలుగేళ్ల కిందట మా నాన్నగారికి దగ్గరగా చూపించాలని ఆరుబయట రోడియోలో కంచె పక్కనే సీట్లు తీసుకున్నాను. ఆయనకు ఉబ్బసం ఉందని తెలిసీ దుమ్ము సంగతి ఆలోచించలేదు. అరగంటలోనే దగ్గు పట్టుకుంది, ఇన్‌హేలర్ కారులో ఉండిపోయింది, కారేమో మైలు దూరంలో. ఫస్ట్ ఎయిడ్ ఎక్కడుందని అడిగితే అక్కడి వలంటీర్లకే తెలియలేదు. ఇన్‌హేలర్, బీపీ మాత్రలు, నీళ్లు మీ దగ్గరే ఉంచుకోండి. చాలా అరీనాల్లో పారదర్శకంగా ఉండే బ్యాగులే లోపలికి రానిస్తారు, ముందే చూసుకోండి. లోపలికి అడుగు పెట్టగానే ఫస్ట్ ఎయిడ్ గది ఎక్కడుందో ఒక్కసారి అడగండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు విజిటర్స్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ కార్డు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి.

పీబీఆర్ మొదట్లోనే మంటలు, పెద్ద శబ్దాలు ఉంటాయి. లైట్లు ఆర్పేసి, అరీనా నేల మీద నిప్పు రాజేసి, పేలుళ్ల మధ్య రైడర్లను ఒక్కొక్కరినే పిలుస్తారు. నాకు ఒళ్లు పులకరిస్తుంది గానీ గుండె జబ్బు ఉన్నవాళ్లకు, చంటిపిల్లలకు అది మంచిది కాదు. పిల్లలకు చెవులు మూసే హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి. పెద్దవాళ్లకు ముందే చెప్పండి, లేదంటే ఆ పది నిమిషాలు బయట కూర్చోబెట్టండి. తర్వాత ప్రార్థన, జాతీయ గీతం ఉంటాయి. అప్పుడు అందరూ లేచి టోపీ తీస్తారు, మీరూ తీయండి.

చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట, మాదీ అటే. చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండగ చూసి పెరిగాను. కొమ్ములకు పలకలు కట్టి వీధుల్లోకి వదిలితే, వాటిని లాక్కోవడానికి కుర్రాళ్లు మీద పడతారు. ఎద్దు కాలు దువ్వుతుంటే పక్కకు తప్పుకోవడం, మూపురం మీద చెయ్యి వేయడం మనకు చిన్నప్పటి అలవాటు. ఆ ధైర్యం ఇక్కడ చూపించకండి. ఫోర్ట్‌వర్త్‌లో పాత పశువుల సంత ఉండే స్టాక్‌యార్డ్స్‌లో రోజూ ఉదయం పదకొండున్నరకు, సాయంత్రం నాలుగింటికి పొడవాటి కొమ్ముల పశువుల మందను వీధిలో నడిపిస్తారు. అవి చాలా నెమ్మదైనవి. అయినా కొమ్ము పక్కకు తిప్పితే ఎంత దూరం పోతుందో మనకు అంచనా ఉండదు. తాడు గీత దాటి సెల్ఫీ కోసం వెళ్లొద్దు. అరీనా వెనక కొట్టాల దగ్గరికి రానిస్తే కంచె సందుల్లోంచి చెయ్యి పెట్టకండి, పిల్లల్ని కంచె మీద కూర్చోబెట్టకండి.

తిండి విషయంలో, గొడ్డుమాంసం తినని వాళ్లు నాచోస్ మీద వేసే చిల్లీ ఏమిటో అడిగి తీసుకోవాలి. ఎక్కువగా అది బీఫే. టికెట్లు అరీనా సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో తక్కువ ధరకు ఇస్తామన్న స్క్రీన్‌షాట్లు నమ్మకండి. జులైలో షయాన్ రోడియోకు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఆ ఊరు 6,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఎండ చురుక్కుమంటుంది, త్వరగా ఆయాసం వస్తుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన రావచ్చు.

చూసి ఊరుకోలేక ఎక్కాలనిపించే వాళ్లుంటారు. బార్లలో ఉండే మెషిన్ బుల్ బొమ్మలా కనిపిస్తుంది గానీ మెడ, మణికట్టు దెబ్బతినడానికి అది చాలు. మందు తాగి ఎక్కకండి. మెడ, నడుము నొప్పులున్నవాళ్లు, గర్భిణులు అసలు దాని జోలికి వెళ్లొద్దు. సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో ఏం జరిగినా మీదే బాధ్యత అని ఉంటుంది, చదివి పెట్టండి. పిల్లల్ని గొర్రె మీద ఎక్కించే మటన్ బస్టింగ్ కూడా అలాంటిదే. వయసు, బరువు పరిమితులుంటాయి, హెల్మెట్, వెస్ట్ వాళ్లే ఇస్తారు. హెల్మెట్ గడ్డం కింద బిగుతుగా ఉందో లేదో మీ చేత్తో మీరే లాగి చూడండి. బిడ్డ ఏడుస్తూ వద్దంటే అక్కడితో ఆపేయండి. ఫొటో కోసం ఎక్కించకండి.

చివరి రౌండ్ దగ్గర పడేసరికి ట్రాఫిక్ తప్పించుకోవాలని జనం లేవడం మొదలుపెడతారు. వెళ్లాలనుకుంటే రైడ్‌కీ రైడ్‌కీ మధ్యలో వెళ్లండి. ఉండిపోతే మాత్రం బజర్ మోగాక రైడర్‌ని కాదు, బుల్ ఫైటర్లను చూడండి. చేతిలో ఏ ఆయుధమూ లేకుండా, కింద పడ్డ మనిషికీ ఆబోతుకూ మధ్యలోకి పరుగెత్తి దాని చూపును తమ వైపు లాక్కుంటారు. తాడులో చెయ్యి ఇరుక్కున్న రైడర్‌ని విడిపించేదీ వాళ్లే. నా మటుకు నేను ఆబోతు గేటు దాటి లోపలికి వెళ్లి, వెనక ఇనుప తలుపు ధడేల్‌మని పడ్డాకే చప్పట్లు కొడతాను.