సెమీ క్రిస్మస్ పెట్టుకుంటున్నారా? ముందు భోజనం టైము రాయండి

విందు తిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరారని మళ్ళీ పేపర్లో వార్త. అందరూ చికెన్‌ను తిడతారు. చాలాచోట్ల తప్పు చికెన్‌ది కాదు, టైమ్‌టేబుల్‌ది. డిసెంబరంతా కర్నూలులో వీధికో సెమీ క్రిస్మస్ (పండుగకు ముందే చేసుకునే వేడుక) జరుగుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నా.

వంట, వడ్డన

నేను చూసినవాటిలో కొంప ముంచేది ఒకటే: సాయంత్రం నాలుగుకే బిరియానీ దించేసి, ముఖ్య అతిథి వచ్చి మాట్లాడేదాకా ఆపి, తొమ్మిదిన్నరకు వడ్డించడం. బియ్యంలో కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు. అన్నం వేడి 60 డిగ్రీల కిందికి దిగి గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి విషం చేస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. ‘చలికాలమే కదా, ఏం కాదులే’ అంటారు. చలి బయట ఉంటుంది, పెద్ద డేగిసా నడుమ అన్నం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

వంటమాస్టరుకు ప్రోగ్రాం టైము చెప్పకండి, తినే టైము చెప్పండి. ఎనిమిదికి భోజనాలంటే ఏడున్నరకు దమ్ మూత తీయాలి. మసాలా పట్టించిన చికెన్ అప్పటిదాకా ఐసులో ఉండాలి.

ప్రోగ్రాం

అయిదున్నరకు మొదలుపెట్టండి. సండే స్కూల్ పిల్లల స్కిట్లు ముందు, లేకపోతే వాళ్ళు వేషాలతోనే నిద్రపోతారు. తర్వాత వాక్యం, అంటే పాస్టరు గారి ప్రసంగం. దైవజనులకు టైము అయిందని చీటీ అందించే మనిషిని ముందే పెట్టుకోండి, మొహమాటం లేనివాణ్ణి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి.

ఇక మిగతావి:

అతిథి రాలేదా? అన్నం పెట్టేయండి.

శాంటా గడ్డం దూది. కొవ్వొత్తులు ఆర్పాకే ఆ వేషం లోపలికి రావాలి.

రైతా వడ్డించే ముందే కలపండి.

నందికొట్కూరు, కోడుమూరు వైపు వెళ్ళేవాళ్ళకు మొదటి పంక్తి. రాత్రిపూట ఆటోలో పదిమందిని ఎక్కించొద్దు.

మిగిలిన బిరియానీ ఎవరికీ కట్టివ్వొద్దు. పొద్దున్నే హాస్టలుకు పంపడం అసలే వద్దు.

ఎవరికైనా వాంతులు మొదలైతే ఓఆర్‌ఎస్ తాగించండి, 108కి ఫోన్ చేయండి. డేగిసా కడగొద్దు, పరీక్షకు శాంపిల్ కావాలి.

మళ్ళీ చెబుతున్నా, అతిథి కోసం బిరియానీ ఆపొద్దు. ఎమ్మెల్యే గారైనా సరే. ఆయనకని ఒక ప్లేటు పక్కన తీసిపెట్టడం కూడా వద్దు. వచ్చాక కేకు, వేడి టీ ఇవ్వండి.