పోర్టో వెళ్తున్నారా, అయితే నది ఎగువకి కూడా వెళ్లండి

పోర్చుగల్ వెళ్లేవాళ్లు చాలామంది రోజులన్నీ లిస్బన్‌లోనే గడిపేసి పోర్టోని ఒక్క పూటలో చుట్టేస్తారు. నా మాట వింటే పోర్టోకి రెండు రోజులు, అక్కడి నుంచి డౌరో నది వెంబడి లోపలికి ఇంకో రెండు రోజులు పెట్టుకోండి. డౌరో సముద్రంలో కలిసేది పోర్టో దగ్గరే. కానీ ఆ ఊరికి పేరు తెచ్చిన పోర్ట్ వైన్‌కి ద్రాక్ష పండేది మాత్రం పైన, దూరంగా, కొండల మీద.

మొదటి రోజు నడకే. ఊరంతా ఎత్తుపల్లాలు, రాళ్లు పరిచిన వీధులు, చెప్పులతో అయ్యే పని కాదు. సావ్ బెంతు రైల్వే స్టేషన్ హాల్లో గోడల నిండా సుమారు 20,000 నీలిరంగు పలకలతో పోర్చుగల్ చరిత్ర బొమ్మలుగా ఉంటుంది, చూడటానికి టికెట్ కూడా అక్కర్లేదు. అక్కడి నుంచి కిందికి దిగితే నది ఒడ్డున పాతపేట రిబెయిరా. 1886లో కట్టిన డోమ్ లూయిస్ వంతెనకి రెండు అంతస్తులు. పై అంతస్తులో మెట్రో పక్కనే నడుచుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్లి, కింది అంతస్తు మీదుగా వెనక్కి రండి.

అవతలి ఒడ్డు గాయా. వైన్ గిడ్డంగులన్నీ అక్కడే. పోర్ట్ తయారీ సంగతి ఇదీ: ద్రాక్షరసం పులుస్తుండగానే మధ్యలో ఘాటైన ద్రాక్ష సారా పోస్తారు, దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి అలాగే మిగిలిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా వస్తుంది. అందుకే చిన్న గ్లాసుల్లో పోస్తారు, మామూలు వైన్ అనుకుని తాగితే సాయంత్రం ప్రోగ్రాం గోవిందా. పోర్ట్‌లో రూబీ అనే రకంలో పండు రుచి, పీపాల్లో ఏళ్ల తరబడి ఉన్న టానీ అనే రకంలో ఎండుపండ్లు, గింజల రుచి. గిడ్డంగి టూర్ ఒక్కచోట చాలు, అన్నిచోట్లా దాదాపు అదే కథ చెప్తారు.

తిండి విషయానికొస్తే, ఫ్రాన్సెసిన్యా అని రకరకాల మాంసాలు పెట్టి, పైన చీజ్ కరిగించి, వేడి సాస్ పోసిన శాండ్‌విచ్ ఉంటుంది. ఇద్దరికి ఒకటి చాలు. చేపల కోసం మెట్రో ఎక్కి సముద్రం ఒడ్డునున్న మతోజిన్యోష్ వెళ్లండి, బొగ్గుల మీద కాల్చిన సార్డీన్లు వేసవిలో అయితే అదుర్స్. శాకాహారులు జాగ్రత్త: కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్‌లో కూడా సాసేజ్ ముక్క వేస్తారు, ముందే అడగండి. అన్నట్టు, మీరు అడక్కుండానే టేబుల్ మీద పెట్టే బ్రెడ్డు, ఆలివ్‌లు ఊరికే కాదు, ముట్టుకుంటే బిల్లులో పడతాయి.

మూడో రోజు పొద్దున్నే డౌరో లోయలోని పిన్యావ్ ఊరికి రైలెక్కండి, సుమారు రెండున్నర గంటలు. తప్పకుండా కుడిపక్క కూర్చోండి. నేను మొదటిసారి ఎడమపక్క కూర్చుని దారంతా కొండరాళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను! మొదటి గంట పెద్దగా ఏమీ ఉండదు, ఆ తర్వాత నది రైలు పక్కకే వచ్చేస్తుంది, రెండు వైపులా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. పలకరాతి కొండని తవ్వి, ఆ రాళ్లతోనే గోడలు కట్టి మనుషులు చేసిన నేల అది. 1756లోనే ప్రభుత్వం ఈ వైన్ ప్రాంతానికి హద్దులు గీసింది, 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు పీపాలన్నీ ‘రబేలో’ అనే పడవల్లో ఇక్కడి నుంచే గాయాకి దిగేవి. గాయా ఒడ్డున ఇప్పుడు ఫొటోలకి నిలబడి ఉండేవి అవే.

పిన్యావ్ చాలా చిన్న ఊరు, గంటలో అయిపోతుంది. అసలు మజా ఏదైనా కింటాలో, అంటే తోటలోనే ఉన్న ఇంట్లో, ఒక రాత్రి ఉండటంలో ఉంది. కోతలు సెప్టెంబర్‌లో, అప్పుడు గదులు దొరకవు కాబట్టి చాలా ముందే బుక్ చేసుకోండి. జులై, ఆగస్టుల్లో లోయలో ఎండ మాడ్చేస్తుంది. కారు తీసుకునేటట్లయితే రోడ్లన్నీ మలుపులే, తోటల్లో వైన్ రుచి చూడాలనుకునేవాళ్లు స్టీరింగ్ పట్టుకోకండి. రైల్లోనే తిరిగొచ్చేవాళ్లు దిగగానే సాయంత్రం ఆఖరి బండి ఎన్నింటికో చూసి పెట్టుకోండి, ఈ లైన్లో రైళ్లు తక్కువ.