ఇంటి దగ్గర చదువుకునే బిడ్డకు ఇంగ్లీషు ఫోనిక్స్ కోర్సు ఎంచుకునే పద్ధతి

మా కావలిలో బిడ్డలకు ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే తల్లిదండ్రులు ఎక్కువమంది లేరు. ఉన్న కొద్దిమందీ నన్ను అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టాలంటే ఏ ఫోనిక్స్ కోర్సు కొనాలి? ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే గానీ, ఒక ఇంటికి కుదిరినది ఇంకో ఇంటికి కుదరదు కాబట్టి, కోర్సును చేతిలోకి తీసుకుని పరీక్షించడం తెలుసుకుంటే ఎక్కువ మేలు జరుగుతుంది. మా అబ్బాయికి ఐదో ఏడు నిండగానే నేను తొందరపడి ఖరీదైన కిట్ ఒకటి తెప్పించాను. అందులో రంగురంగుల చార్టులు, పాటలు, బొమ్మల కార్డులు ఉన్నాయి. మూడు నెలలు తిరిగేసరికి వాడు ఇరవై ఆరు అక్షరాలకు ఇరవై ఆరు బొమ్మల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగాడు గానీ, మూడక్షరాల మాట ఒక్కటి కూడా చదవలేకపోయాడు. ఆ కిట్‌లో లోపించిందేమిటో అర్థమైన తర్వాతనే మంచి కోర్సును గుర్తుపట్టడం నాకు చేతనైంది.

ఇంగ్లీషు చదవడం తెలుగు చదవడం లాంటిది కాదన్న సంగతి ముందుగా మన మనసుకు పట్టాలి. తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. ‘ప’, ‘ల’, ‘క’ పక్కపక్కన పెట్టి చదివితే ‘పలక’ వస్తుంది. ఇంగ్లీషులో ‘డబ్ల్యూ’ అనే పేరును ఎన్నిసార్లు వల్లించినా మాటలో ఆ అక్షరం చేసే ధ్వని అందులో వినపడదు. ‘సీ’ అని పిలిచే అక్షరం ‘క్యాట్’లో ‘క్’ అని పలుకుతుంది. పైగా 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులను రాయాలి కనుక కొన్ని ధ్వనులకు రెండేసి అక్షరాలు జతపడాలి. ‘ఎస్’, ‘హెచ్’ కలిసి ‘ష్’ కావడం అలాంటిదే. ఏ ధ్వనిని ఏ అక్షరం చూపిస్తుందో ఒక వరుసలో నేర్పి, విడి ధ్వనులను కలిపి మాటగా చదివించేదే ఫోనిక్స్. ఇలా క్రమపద్ధతిలో నేర్పితే చదువు బాగా పట్టుబడుతుందని 2000లో అమెరికాలోని నేషనల్ రీడింగ్ ప్యానెల్ తేల్చింది. 2006లో ఇంగ్లండులో వచ్చిన రోజ్ నివేదిక కూడా ఈ పద్ధతినే సిఫారసు చేసింది. కనుక ఫోనిక్స్ అవసరమా కాదా అన్న మీమాంస మనకు అక్కర్లేదు. అట్ట మీద ‘ఫోనిక్స్’ అని ఉన్నదల్లా ఫోనిక్స్ కాకపోవడమే మన చిక్కు.

తెలుగు ఇంట్లో ఏ కోర్సుకైనా నేను పెట్టే మొదటి పరీక్ష పొల్లు పరీక్ష. కోర్సుతో పాటు ఇచ్చే ఆడియోనో, నమూనా వీడియోనో పెట్టి, ‘బి’ అక్షరం ధ్వనిని ఎలా పలుకుతున్నారో చెవిపెట్టి వినండి. ‘బ్’ అని పొట్టిగా, పొల్లుతో పలికితే సరైన దారిలో ఉన్నట్టు. ‘బ’ అని సాగదీసి, అకారం చేర్చి పలికితే ఆ కోర్సును అక్కడే పక్కన పెట్టవచ్చు. కారణం చెబుతాను. ‘క’, ‘అ’, ‘ప’ అని మూడు ముక్కలు నేర్చుకున్న బిడ్డ వాటిని ఎంత వేగంగా కలిపినా ‘కఅప’ అంటుందే తప్ప ‘కప్’ అనలేదు. ‘క్’, ‘అ’, ‘ప్’ అని నేర్చుకున్న బిడ్డకు కలపడం దానంతటదే వస్తుంది. ‘మ్’, ‘స్’, ‘న్’, ‘ల్’, ‘ఫ్’ వంటి ధ్వనులను ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు కనుక వాటితో కలపడం నేర్పడం సులభం. ‘బ్’, ‘డ్’, ‘గ్’ వంటివి సాగవు, వాటి వెనక లవలేశం అచ్చు వినపడక తప్పదు, అందుకని వాటిని వీలైనంత పొట్టిగా తుంచి పలకాలి. మంచి కోర్సు ఈ తేడాను తల్లిదండ్రులకు మొదటి పాఠంలోనే చెబుతుంది. ఈ విషయంలో మనకు ఒక అదృష్టం ఉంది. విడి హల్లును రాసి చూపడానికి తెలుగు లిపిలో పొల్లు అనే గుర్తు ఎప్పటినుంచో ఉంది. గుణింతాలు, పొల్లు వచ్చిన బిడ్డకు ‘ఇంగ్లీషు ‘బి’ అంటే మన బకారానికి పొల్లు పెట్టినట్టు’ అని ఒక్క మాటలో చెప్పవచ్చు. అందువల్లనే, ఒత్తులన్నీ పూర్తి కాకపోయినా ఫరవాలేదు గానీ, తెలుగు గుణింతాలు చదవడం వచ్చాకే ఇంగ్లీషు ఫోనిక్స్ మొదలుపెట్టమని అడిగినవారికల్లా చెబుతున్నాను.

అయితే ఏ విదేశీ కోర్సూ మనకు చెప్పని ఇబ్బంది ఒకటి ఉంది. తెలుగు అజంత భాష కనుక మన పిల్లల నాలుక మాట చివర అచ్చు లేకుండా ఆగదు. ఒక సాయంత్రం నేను మార్కాపురం పలక మీద ‘బి’, ‘యు’, ‘ఎస్’ రాసి ఇస్తే మావాడు ‘బ్… అ… స్’ అని మూడు ధ్వనులనూ శుద్ధంగా పలికి, అన్నీ కలిపి ‘బస్సు’ అన్నాడు. పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుతున్న వాళ్ల జేజి ‘అబ్బ, ఎంత బాగా చదివినాడో’ అని మురిసిపోయింది. నేనూ సంతోషించాను గానీ, ‘సన్’ రాస్తే ‘సన్ను’ అనీ, ‘పిన్’ రాస్తే ‘పిన్ను’ అనీ చదవడం చూశాక వాడు చివరి ధ్వనిని కళ్లతో చూడకుండా అలవాటుతో పూరిస్తున్నాడని తెలిసింది. అప్పుడు పలక మీద తెలుగులో ‘సన్’ అనీ, దాని కింద ‘సన్ను’ అనీ రాసి, మొదటిదానిలో నకారం నెత్తిన ఉన్న పొల్లును వేలితో చూపించాను. వాడు కాసేపు చూసి, పై మాటను పెదవులు బిగించి ‘సన్’ అని తుంచాడు. వారం రోజులు రెండు పూటలా ఇలా చేయగా ఆ ఉకారం రాలిపోయింది. కనుక కోర్సును ఎంచేటప్పుడు, మూడు ధ్వనుల చిన్న మాటల దశలో ఎంత అభ్యాసం ఉందో పేజీలు తిప్పి లెక్క చూడండి. పదీ పదిహేను మాటలు చదివించి తర్వాతి మెట్టుకు పరుగెత్తే కోర్సు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలకు చాలుతుందేమో గానీ మన పిలకాయలకు చాలదు.

అక్షరం చూపకముందు చెవికి ఇచ్చే శిక్షణ ఎంత ఉందన్నది దీనికి దగ్గరి విషయమే. తెలుగు బిడ్డను ‘పలక’ను విడగొట్టమంటే ‘ప, ల, క’ అని మూడు ముక్కలు చేస్తుంది. ‘క్యాట్’ను విడగొట్టమంటే ఒకటే ముక్క అని తెల్లబోతుంది, ఎందుకంటే దాని చెవి అక్షరాన్ని ముక్కగా ఎంచుతుంది గానీ అక్షరంలోపలి ధ్వనులను విడదీయడానికి అలవాటు పడలేదు. నోటితో ఆడే ధ్వని ఆటలకు మొదటి కొన్ని వారాలు కేటాయించిన కోర్సు మేలైనది. లేకపోతే మనమే అంత్యాక్షరిని కొద్దిగా మార్చి, ‘కప్’ చివర ఏ ధ్వని వినిపిస్తోంది, దానితో మొదలయ్యే మాట చెప్పు అని అడుగుతూ ఆడించవచ్చు. వంట చేస్తూ ఆడించడానికి ఇంతకంటే మంచి ఆట నాకు తెలియదు.

తర్వాత చూడవలసింది వరుస. ఏబీసీడీల వరుసలో నేర్పే కోర్సులో బిడ్డకు చదవదగిన మాటలు ఆలస్యంగా వస్తాయి. అద్దంలో బొమ్మల్లా ఉండే చిన్న ‘బి’, చిన్న ‘డి’ దగ్గర దగ్గరగా వచ్చి గందరగోళం కలిగిస్తాయి. జాలీ ఫోనిక్స్ అనే కోర్సునే తీసుకుంటే, అందులో 42 ధ్వనులను 7 గుంపులుగా విడగొట్టి, మొదటి గుంపులో ‘ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్’ అక్షరాల ధ్వనులు నేర్పుతారు. ఈ ఆరిటితోనే ‘పిన్’, ‘ట్యాప్’, ‘సిట్’, ‘నిప్’ వంటి మాటలు చాలా కుదురుతాయి కనుక బిడ్డ మొదటి పక్షంలోనే తాను చదవగలనన్న సంగతి తెలుసుకుంటుంది. మీరు చూసే కోర్సు ఇదే వరుసలో ఉండాలని లేదు. నేర్పిన అక్షరాలతో వెంటనే మాటలు చదివిస్తోందా, జంట అక్షరాలు, చివర పలకని ‘ఈ’, అచ్చుల జతలు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తున్నాయా అని విషయసూచిక చూస్తే తెలిసిపోతుంది. చిన్న అక్షరాలతో మొదలుపెట్టే కోర్సు మంచిది, పుస్తకంలో కనబడేవి ఎక్కువగా అవే. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు పెద్ద అక్షరాల్లో చదవాలన్న ఉత్సాహం పిల్లలకు ఎలాగూ ఉంటుంది, అది తర్వాత తీరుతుంది.

కోర్సుతో వచ్చే కథల పుస్తకాల విషయంలో నేను కొంచెం పట్టుదలగానే ఉంటాను. అప్పటివరకు నేర్పిన ధ్వనులతో మాత్రమే రాసిన చిన్న పుస్తకాలు ఉండాలి. వీటిని డీకోడబుల్ పుస్తకాలంటారు. బొమ్మ చూసి మాట ఊహించమని, మొదటి అక్షరం చూసి మిగతాది కనిపెట్టమని సలహా ఇచ్చే పుస్తకాలను నేను ఇంట్లోకి రానివ్వను. గూడూరులో ఉండే మా చెల్లెలి కూతురు అలాంటి పుస్తకాన్ని గడగడా చదువుతోందని వాళ్లు ఎంతో పొంగిపోయేవారు. నేను వెళ్లినప్పుడు పేజీలో ఉన్న కోడిపెట్ట బొమ్మను అరచేత్తో మూసి చదవమన్నాను. పాప నా చేతివంక చూసింది, నా ముఖంవంక చూసింది, తర్వాత మెల్లగా ‘చికెన్’ అంది. అక్కడ అచ్చయి ఉన్న మాట ‘హెన్’. పాప తప్పేమీ లేదు, దానికి నేర్పినదే ఊహించడం. ఏ కోర్సు నమూనా పేజీకైనా ఇలా చెయ్యి అడ్డం పెట్టి చూడండి.

‘ది’, ‘వాజ్’, ‘సెడ్’ వంటి మాటలు రాసినట్టు పలకవు గనుక వాటిని వేరుగా నేర్పక తప్పదు. వారానికి మూడు నాలుగు చొప్పున, ఏ అక్షరం దారి తప్పిందో చూపి నేర్పితే సరే. వంద మాటల పట్టిక ఇచ్చి బట్టీ పట్టించే కోర్సు వద్దు. చదివిన మాటను వెంటనే చెప్పి రాయించే భాగం కూడా ఉండాలి.

చెప్పేది అమ్మే కాబట్టి, కోర్సు అమ్మకు కూడా అర్థం కావాలి. తెలుగు మీడియంలో చదువుకున్న నాలాంటివారికి రెండు వసతులు తప్పనిసరి. ఒకటి, ఈ పూట ఏమి చూపాలో, ఏమి అడగాలో, బిడ్డ తప్పితే ఏమనాలో వాక్యాలతో సహా రాసి ఉన్న పాఠం. రెండోది, ప్రతి ధ్వనికీ ఆడియో. మనకు తెలుగులో ఎకారం హ్రస్వంగానూ దీర్ఘంగానూ ఉంది కనుక ‘పెన్’ తప్పు పలకం గానీ, ‘జడ్’ అక్షరం ధ్వని మన నోట ‘జ్’ అయిపోతుంది, ‘వీ’కీ ‘డబ్ల్యూ’కీ తేడా రాదు. వినడానికి ఆడియో ఉంటే బిడ్డతో పాటు మనమూ దిద్దుకోవచ్చు. ఆ గొంతు ఇంగ్లండుదా అమెరికాదా అన్నది మొదట్లో పెద్ద విషయం కాదు, మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

అర్థం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విదేశీ డీకోడబుల్ పుస్తకాల నిండా ‘ఫాగ్’ (పొగమంచు), ‘డెన్’ (జంతువు గుహ), ‘హామ్’ (పంది మాంసం) వంటి మాటలు ఉంటాయి. మావాడు ‘హామ్’ అని శుభ్రంగా చదివి, అంటే ఏమిటమ్మా అన్నాడు. మాటకు బొమ్మో, చిన్న వివరణో ఇచ్చే కోర్సు దొరికితే మంచిది, దొరకకపోతే చదవడం పూర్తయ్యాక తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు, తెలుగు కథలు బిడ్డకు చదివి వినిపించడానికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి మనం చదవడానికి, డీకోడబుల్ పుస్తకాలు వాడు చదవడానికి.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పను. నమూనా పాఠాలు చూపకుండా డబ్బు అడిగేచోట కొనకండి. ముద్రించుకునే వీలున్న కోర్సైతే జిరాక్స్ షాపులో తక్కువలో అయిపోతుంది. అక్షరాల బిళ్లలకు వేరే కొనడం అనవసరం. పాత శుభలేఖల అట్టలు ముక్కలుగా కోసి నేను రెండు సెట్లు చేశాను. పలకా బలపం ఇంట్లో ఉండనే ఉన్నాయి.

కొన్నాక రోజుకు పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున ఎనిమిది వారాలు వదలకుండా చెప్పి, ఆ తర్వాత పరీక్షించండి. ఇంగ్లండులో 2012 నుంచి మొదటి తరగతి ఈడు పిల్లలకు పెట్టే ఫోనిక్స్ పరీక్షలో 40 మాటలుంటే 20 అర్థంలేని కల్పిత మాటలే. గుర్తుపెట్టుకుని చెబుతున్నారా, ధ్వనులు కలిపి చదువుతున్నారా అన్నది వాటితో తేలుతుంది. మీరూ నేర్పిన అక్షరాలతో ‘మిప్’, ‘సెబ్’, ‘డఫ్’ వంటివి పలక మీద రాసి ఇవ్వండి. పదింటిలో ఏడెనిమిది చదివితే కోర్సు పనిచేస్తున్నట్టే నేను లెక్కవేస్తాను. చదవలేకపోతే వెంటనే కొత్త కోర్సు కొనకుండా, ఏ పాఠం దగ్గర తడబాటు మొదలైందో చూసి, దానికి రెండు పాఠాల వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పండి. చెవి, కన్ను పరీక్ష చేయించడం కూడా ఈ దశలోనే మంచిది. ఎంత చెప్పినా ధ్వనులు నిలవడం లేదనిపిస్తే నిపుణులకు చూపించండి. డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) వంటి అభ్యసన ఇబ్బందులను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. అలాంటి పిల్లల కోసం 1930లలో రూపుదిద్దుకున్న ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి చూపు, చెవి, చేతి కదలిక మూడింటినీ కలిపి, చాలా నెమ్మదిగా నేర్పుతుంది. ఒకవేళ కోర్సు మార్చవలసే వస్తే, కొత్తదానిలో బిడ్డను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ప్రవేశ పరీక్ష ఉందో లేదో చూసుకోండి. అది ఉంటే, వచ్చిన ధ్వనులనే మళ్లీ ఒకటో పాఠం నుంచి వల్లించే పని తప్పి, బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో అక్కడినుంచే అందుకోవచ్చు.