డెల్టాలో తక్కువ ధర ఇళ్ల స్థలాల లేఅవుట్: అనుమతి షరతులు ఎలా పూర్తి చేయాలి?

టెంటటివ్ లేఅవుట్ (షరతులతో ఇచ్చే తొలి అనుమతి) చేతికి రాగానే స్వీట్లు పంచి, మర్నాడే జేసీబీని దించేసేవాళ్లు గోదావరి జిల్లాల్లో చాలామందే ఉంటారు. ఆ అనుమతి పత్రంలో వెనక పేజీల్లో ఉండే షరతులను చదివేవాళ్లు తక్కువ. ఫైనల్ లేఅవుట్ రావాలన్నా, పనులకు హామీగా తనఖా పెట్టిన ప్లాట్లు చేతికి తిరిగి రావాలన్నా అవే ముఖ్యం. రుడా (రాజమహేంద్రవరం), అముడా (అమలాపురం) లాంటి పట్టణాభివృద్ధి సంస్థల్లో దేని పరిధిలో ఉన్నా వరస దాదాపు ఇదే.

మన డెల్టాలో ఆ షరతుల్లో ఎక్కువ భాగం నీటి చుట్టూ తిరుగుతాయి. అందుకే కాగితంలో ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టకండి. లేఅవుట్ మురుగు చివరికి ఏ డ్రైన్‌లో కలుస్తుందో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి రండి.

మొదటి పని: షరతులను విడదీయడం

ఒక నోటుపుస్తకంలో ప్రతి షరతుకూ నాలుగు విషయాలు రాసుకోండి: ఏం చేయాలి, ఎవరు సర్టిఫై చేయాలి, ఏ దశలోపు పూర్తవాలి, ఎంత ఖర్చవుతుంది. పని మొదలుకాక ముందు తీరాల్సినవి (ఫీజులు, తనఖా డీడ్, ఎన్వోసీలు అనే నిరభ్యంతర పత్రాలు, రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా కింద రిజిస్ట్రేషన్), పని జరుగుతుండగా చేయాల్సినవి (మెరక, రోడ్లు, డ్రైన్లు, నీళ్లు, కరెంటు, చెట్లు), చివరలో ఇవ్వాల్సినవి అని మూడు వరసలుగా విడిపోతాయి. వ్యవసాయ భూమి మార్పిడి విధానం ఈమధ్య మారింది. పాత నాలా (వ్యవసాయేతర భూమి పన్ను) లెక్కలు పట్టుకుని కూర్చోకుండా, దరఖాస్తు రోజుకి అమల్లో ఉన్న జీవో ఏమిటో మీ ఎల్టీపీని (ప్లాన్లు గీసే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌ని) అడిగి తెలుసుకోండి.

డ్రైన్ మట్టం కొలవండి

ఇక్కడ తొందరపడొద్దు. ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) తెప్పించి పొలం మొత్తం లెవెల్స్ తీయించండి. దాంతోపాటు మురుగు కలిసే డ్రైన్‌లో, అది ఎనమదుర్రు అయినా కౌశిక అయినా పేరు కూడా లేని చిన్న కోడు (మురుగు కాలువ) అయినా, వానాకాలంలో నీళ్లు ఎంత ఎత్తుకి వస్తాయో కనుక్కోండి. ఎండాకాలంలో డ్రైన్ చూసి లెక్క వేస్తే మోసపోతారు. పక్క పొలం రైతుని అడగండి, గట్టు మీద పాత కరెంటు స్తంభానికో పశువుల పాక గోడకో బురద చార ఉంటుంది, దాన్ని చూడండి. ఆ చార మట్టం రాసుకోండి. ఇకపై మీ లెక్కలన్నీ దాని నుంచే.

ఒక ఉదాహరణ. రోడ్డు పక్క సైడు కాలువ పొడవు 300 మీటర్లు, వాలు 500కి 1 అనుకుందాం. అంటే ఈ చివర నుంచి ఆ చివరకి 60 సెంటీమీటర్ల తేడా కావాలి. సైడు కాలువ లోతు 45 సెంటీమీటర్లు. సైడు కాలువ కలిసేచోట దాని అడుగు డ్రైన్ వరద మట్టం కంటే కిందికి పోకూడదనుకుంటే, దూరపు చివర రోడ్డు ఆ మట్టం కంటే 105 సెంటీమీటర్లు, దాదాపు మూడున్నర అడుగులు ఎత్తుండాలి. డెల్టా నేలలో సహజంగా అంత వాలు ఉండదు. దాన్ని మట్టితోనే తెచ్చుకోవాలి.

తుపాను రోజుల్లో సముద్రం పోటు మీదుంటే డ్రైన్ ఎదురుతన్నుతుంది. తీరానికి దగ్గరగా ఉంటే, మురుగు కలిసే తూముకి షట్టరు పెట్టించడం కాగితంలో రాయకపోయినా మంచిదే.

బోదెలు, పుంతలు, డ్రైన్లు

ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) తీసి సర్వేయర్‌తో పొలం చుట్టూ తిరగండి. పంట బోదె (పొలాలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ) గానీ, పుంత (బండ్ల దారి) గానీ మీ సర్వే నంబరు మధ్యలోంచి పోతుంటే దాన్ని మూసేసే హక్కు మీకు లేదు. కింద ఉన్న రైతులకు నీళ్లు అందాలి. జలవనరుల శాఖ అనుమతితో అంచు వెంట మళ్లించడమో, తగినంత వ్యాసం ఉన్న పైపు వేయడమో చేయాలి. కల్వర్టు పనిని వేసవిలో కాలువలు కట్టేసే రోజులకి పెట్టుకోండి. నీళ్లు వదిలాక పని ఆగిపోతుంది, రైతులతో తగువు కూడా వస్తుంది.

పది మీటర్ల కంటే వెడల్పైన కాలువకి, డ్రైన్‌కి 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు వదలడం మన నిర్మాణ నిబంధనల్లో ఉన్న లెక్క. మీ అనుమతి పత్రంలో ఎక్కువ రాసి ఉంటే అదే ఖాయం.

మెరక తోలించడం

బడ్జెట్‌కి గండి పడేది ఇక్కడే. ఒక ఎకరాన్ని మూడు అడుగులు ఎత్తు చేయాలంటే గట్టిపడ్డాక 3,700 క్యూబిక్ మీటర్ల మట్టి ఉండాలి. తోలేది ఇంకా ఎక్కువే ఉంటుంది, దిమ్మిసా చేస్తే తగ్గుతుంది కదా. ఐదు ఎకరాలకి 18,500. ఐదు ఎకరాలంటే 24,200 గజాలు. అందులో 10 శాతం, అంటే 2,420 గజాలు ఖాళీ స్థలంగా పోతుంది. చిన్న ప్లాట్లయితే రోడ్లకే మూడో వంతు దాకా పోవచ్చు. అమ్మడానికి మిగిలేది సుమారు 14,000 గజాలు. అమ్మే ప్రతి గజం మీదా 1.3 క్యూబిక్ మీటర్ల మట్టి ఖర్చు పడుతుందన్నమాట. ధర తక్కువని ప్రచారం చేసే ముందు ఈ లెక్క వేసుకోవాలి. మెరకలో ఆదా చేసిన లేఅవుట్‌లో చవక ధర కొన్నవాడి మీదే తిరిగి పడుతుంది.

మట్టికి గనుల శాఖ పర్మిట్ ఉండాలి. నల్లరేగడిని అలాగే వదిలేసి దాని మీద నేరుగా రోడ్డు వేయకండి, ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బుతుంది. పైన బుసకో గ్రావెలో పరిచి, అడుగున్నర మట్టి ఒకేసారి పోయకుండా పలచటి పొరలుగా తడిపి రోలర్ తిప్పించండి. ఒక వానాకాలం ఆగగలిగితే ఇంకా మేలు. అయినా బ్యాంకు వడ్డీ పెరుగుతుంటే ఎవరు ఆగుతారు!

రోడ్లు, నీళ్లు, మరుగుదొడ్లు

రోడ్డు వెడల్పు అనుమతిలో ఉన్నట్టే ఉండాలి, దాన్ని తగ్గించి ప్లాటు పెంచితే తనిఖీలో టేపు పెట్టగానే బయటపడుతుంది. తాగునీటికి బోరు మీద ఆశ పెట్టుకోకండి. తీరప్రాంతంలో, రొయ్యల చెరువుల దగ్గర భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. మున్సిపాలిటీ పైపులైన్ కనెక్షన్‌కి ముందే దరఖాస్తు పెట్టండి. భూమిలో నీళ్లు పైకే ఉండేచోట ఇంకుడు గుంత ఇంకదు. షరతులో ఇంకుడు గుంత ఉంటే ఎక్కడ, ఏ డిజైన్ సరిపోతుందో ఇంజనీర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి. సెప్టిక్ ట్యాంకుల విషయంలోనూ అంతే. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మాత్రం బురద చార మట్టం దాటి ఉండాలి.

కాగితాలు

రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకి ఉచితంగా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా రాసివ్వాలి. ఎవరికీ పనికిరాని పల్లపు గుంటను పార్కు కింద చూపించే అలవాటు మానాలి. పిల్లలు ఆడుకునే చోటు అది. సాధారణంగా అమ్మకపు విస్తీర్ణంలో 15 శాతం ప్లాట్లు పనులకు హామీగా తనఖా ఉంటాయి. వాటి మీద అడ్వాన్సులు పుచ్చుకోకండి.

2016 నాటి రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు రాకముందు ఫ్లెక్సీలు కట్టడం గానీ, బుకింగులు గానీ చేయకూడదు. వసూలైన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు.

తనిఖీ

పైపులు, కల్వర్టులు పూడ్చకముందే ఇంజనీర్‌ను పిలిపించి చూపించండి, తేదీ కనిపించేలా ఫోటోలు తీయించండి, సైటు రిజిస్టర్‌లో సంతకం తీసుకోండి. పూడ్చాక నిరూపించుకోవడం టెన్షన్.

అధికారులు రాకముందు మీరే ఒక పరీక్ష చేసుకోండి. ఎత్తు చివర సైడు కాలువలోకి ఒక ట్యాంకరు నీళ్లు వదిలి, వాటి వెంట నడుచుకుంటూ వెళ్లండి. ఎక్కడ ఆగితే అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీతలున్న చోట్ల కాంట్రాక్టర్‌తో మళ్లీ కాంక్రీటు వేయించాలి, బిల్లు ఆ తర్వాతే.

ఫైనల్ లేఅవుట్ వచ్చి తనఖా విడుదలయ్యాక, సైడు కాలువల అడుగు మట్టాలు రాసిన డ్రాయింగు ఒక కాపీ మున్సిపాలిటీకి, ఒకటి వార్డు సచివాలయానికి ఇవ్వండి. ప్లాటు కొన్నవాళ్లకు ఇంటి ప్లింతు (పునాది పైమట్టం) రోడ్డు నుంచి ఎంత ఎత్తులో ఉండాలో రాసివ్వండి. లేకపోతే ఒక్కొక్కరూ ఇష్టమొచ్చినంత మెరక పోసుకుని, వాననీళ్లను పక్కింటి గుమ్మంలోకి నెడతారు.