ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కారుకు వెనుక బ్రేక్ ప్యాడ్లు మార్చడం ఎలా?

వెనుక చక్రాల ప్యాడ్లు మార్చడం నిజానికి పెద్ద పని కాదు. రెండు బోల్టులు విప్పి, పాతవి తీసి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే పిస్టన్‌ను లోపలికి నెట్టి, కొత్తవి పెట్టి బిగించడమే. చిక్కంతా ఆ పిస్టన్‌ను నెట్టే దగ్గరే వస్తుంది. లాగే హ్యాండ్ బ్రేకు పోయి వేలితో నొక్కే మీట వచ్చిన కార్లలో పిస్టన్ వెనుక ఒక మోటారు ఉంటుంది. దాన్ని ముందుగా వెనక్కి తిప్పించకుండా పిస్టన్‌ను నెడితే క్యాలిపర్ (పిస్టన్, ప్యాడ్లు ఉండే బ్రేకు భాగం) చెడిపోతుంది. చెయ్యి లోపల ఉండగా మోటారు తనంతట తాను తిరిగితే వేళ్లే నలిగిపోతాయి. అందుకే ఈ పనిలో బలం కంటే వరుస ముఖ్యం.

2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ వంటి ఖరీదైన కార్లలో కనిపించిన ఈ బ్రేకు, ఇప్పుడు హ్యుందాయ్ క్రెటా, జీప్ కంపాస్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 వంటి వాటిలోనూ ఉంది. పాత పద్ధతికి అలవాటుపడిన చేతులు మాత్రం ఇంకా సీ క్లాంపు (సీ ఆకారంలో ఉండి మర తిప్పి బిగించే పనిముట్టు) వేసి బలంగా బిగించేస్తున్నాయి.

మీ కారులో ఉన్నది ఏ రకం?

వెనుక చక్రం సందులోంచి టార్చి వేసి క్యాలిపర్ వెనుక భాగం చూడండి. పిడికెడంత నల్లని ప్లాస్టిక్ డబ్బా, దానికి కరెంటు వైరు కనిపిస్తే మోటారు క్యాలిపర్ మీదే ఉన్నట్టు. ఇప్పుడు ఎక్కువ కార్లలో ఉన్నది ఇదే, ఈ వ్యాసం కూడా దాని గురించే. వైరుకు బదులు ఉక్కు కేబులు వచ్చి కలుస్తుంటే మోటారు కారు అడుగున మరోచోట ఉండి కేబులును లాగుతుంది. దాని పద్ధతి వేరు, ఆ మోడల్ సర్వీసు పుస్తకం చూసే పని మొదలుపెట్టాలి.

ఆ డబ్బాలో చిన్న మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే పళ్ల చక్రాలు ఉంటాయి. అవి ఒక మరకడ్డీని తిప్పుతాయి. కడ్డీ మీది నట్టు పిస్టన్ లోపల ముందుకు జరిగి, ప్యాడ్లను డిస్కుకు అదిమి పెడుతుంది. ఆ అదుము టన్ను బరువును మించి ఉంటుంది. మీరు మీటతో బ్రేకు విడుదల చేసినప్పుడు నట్టు వెనక్కి వస్తుంది గానీ, అరిగిన ప్యాడ్లకు తగ్గట్టు కొద్దిగానే వస్తుంది. పూర్తిగా మొదటికి రావాలంటే కారు కంప్యూటర్‌కు ‘సర్వీసు చేస్తున్నాం’ అని తెలియజేయాలి. దాన్నే సర్వీసు మోడ్ అంటారు.

పాత కేబులు క్యాలిపర్లలో పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపేవాళ్లు. ఇక్కడ తిప్పే పని లేదు. నట్టు వెనక్కి పోయిన తరువాత నేరుగా నెడితే చాలు. నట్టు వెనక్కి పోకుండా నెడితే మాత్రం ఆ బలమంతా మరకడ్డీ మీద పడుతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

మీ కారు పార్కింగ్ బ్రేకును సర్వీసు మోడ్‌లోకి పంపగల స్కానర్ (కారు కంప్యూటర్‌కు ఆజ్ఞలిచ్చే పరికరం) అన్నింటికంటే ముఖ్యం. లోపాల కోడ్లు మాత్రమే చదివే చవక బ్లూటూత్ పరికరాలు ఇందుకు పనికిరావు. కొనే ముందే పార్కింగ్ బ్రేకు సర్వీసు ఉందా, మీ మోడల్‌కు పనిచేస్తుందా అని కనుక్కోండి. ఫోర్డ్ వారి కొన్ని మోడళ్లలో స్కానర్ లేకుండానే, యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుని, బ్రేకు మీటను విడుదల వైపు పట్టుకుని, ఇగ్నిషన్ ఆపి మళ్లీ వేసి ఈ మోడ్‌లోకి వెళ్లవచ్చు. ఇంటి ముందు డ్రైవ్‌వేలో సొంతంగా పని చేసుకునే అమెరికా తెలుగువారికి ఇది పనికొచ్చే సంగతే. అయితే వరుస కంపెనీకి ఒకలా ఉంటుంది. వేరే కారు వీడియో చూసి మీ కారులో ప్రయత్నించకండి.

మిగతావి షెడ్డులో ఉండేవే: జాకీ, రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు, పానాలు, టార్క్ పానా (చెప్పిన బిగువుకే బిగించే పానా), సీ క్లాంపు, వైరు బ్రష్షు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, రబ్బరుకు హాని చేయని సిలికాన్ బ్రేక్ గ్రీజు, చేతి తొడుగులు, మాస్కు. ప్యాడ్లు విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు. తయారైన సంవత్సరం, వేరియంట్ కూడా చెప్పండి. ఒకే మోడల్‌లో మామూలు హ్యాండ్ బ్రేకు ఉన్న వేరియంట్ ప్యాడ్లు మీ క్యాలిపర్‌లో కూర్చోకపోవచ్చు. ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి.

ఒక మాట బ్యాటరీ గురించి. ఇగ్నిషన్ వేసి ఇంజన్ ఆపి ఉంచే పని ఇది. నీరసించిన బ్యాటరీ మోటారు సగం తిరిగాక చేతులెత్తేస్తే, కంప్యూటర్ లోపం నమోదు చేసి మొండికేస్తుంది. అనుమానం ఉంటే చార్జర్ తగిలించి మొదలుపెట్టండి.

కారు ఎత్తే ముందు

ఎగుడుదిగుడు లేని గట్టి నేల చూసుకోండి. ఇప్పుడే తిరిగి వచ్చిన కారైతే డిస్కులు చల్లారనివ్వండి. ఆటోమేటిక్ అయితే పీ (పార్క్) గేరులో, మాన్యువల్ అయితే మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. పార్కింగ్ బ్రేకును మనమే విడిపిస్తున్నాం కాబట్టి కారును ఆపి ఉంచేవి గేరూ, ఆ దిమ్మెలే.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. పిస్టన్ లోపలికి పోతే అక్కడి ఆయిల్ వెనక్కి వచ్చి డబ్బాలో చేరుతుంది. మట్టం పై గీత దగ్గరే ఉంటే సిరంజితో కొంత తీసేయండి. పొంగి రంగు మీద పడిందంటే పెయింటు లేచిపోతుంది.

కారు నేల మీద ఉండగానే వెనుక చక్రాల బోల్టులు కొద్దిగా వదులు చేసి, జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు ఊడదీయండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి చెయ్యి పెట్టకూడదు.

సర్వీసు మోడ్

మీట నొక్కి పార్కింగ్ బ్రేకు విడుదల చేయండి. ఆటో హోల్డ్ (ఆగిన కారును తనే పట్టి ఉంచే సదుపాయం) ఉంటే ఆపేయండి. ఇగ్నిషన్ వేసి స్కానర్‌లో పార్కింగ్ బ్రేకు విభాగంలోకి వెళ్లి, ప్యాడ్లు మార్చడానికి తెరిచే ఆజ్ఞ ఇవ్వండి. వెనుక రెండు వైపుల నుంచీ గిర్రుమన్న శబ్దం మామూలు విడుదల కంటే ఎక్కువసేపు వినిపించి ఆగుతుంది. డ్యాష్‌బోర్డులో పసుపు దీపమో సందేశమో రావచ్చు, అది రావలసిందే. శబ్దం ఒక్క వైపు నుంచే వస్తే ముందుకు పోకండి. రెండో వైపు కనెక్టరో మోటారో పనిచేయడం లేదన్నమాట.

ఇగ్నిషన్ వేసి ఉంచాలా ఆపాలా అన్నది స్కానర్ చెబుతుంది, అలాగే చేయండి. మీటను ఎవరూ ముట్టుకోకూడదు. తాళంచెవి జేబులో ఉంటే తెరుచుకునే కార్లకైతే దాన్ని దూరంగా పెట్టండి, పిల్లలను కారెక్కనివ్వకండి. ఈ బ్రేకులు సొంత బుద్ధితో కూడా నడుస్తాయి. చాలా కార్లలో ఇగ్నిషన్ ఆపగానే బ్రేకు తనే పడుతుంది. కొన్నింటిలో డిస్కు చల్లారి బిగువు తగ్గిందేమోనని కారు ఆపిన కొంతసేపటికి మళ్లీ బిగిస్తుంది. సర్వీసు మోడ్ ఇవన్నీ ఆపుతుంది. ఆ మోడ్ లేకుండా క్యాలిపర్ విప్పి ఉన్నప్పుడు మోటారు తిరిగితే, అడ్డుకునే ప్యాడ్లు లేక పిస్టన్ బయటికి వచ్చేస్తుంది, ఆయిలంతా కారిపోతుంది.

కొన్ని షెడ్లలో కనెక్టర్ పీకి, మోటారు పిన్నులకు బ్యాటరీ వైర్లు తాకించి తిప్పేస్తుంటారు. తిరుగుతుంది, కాదనను. కానీ ఎక్కడ ఆపాలో ఆ వైర్లకు తెలియదు. నట్టు చివరిదాకా పోయి బిగుసుకుపోతే మళ్లీ కదలదు. పైగా అది ఎక్కడుందో కంప్యూటర్‌కు లెక్క తప్పుతుంది. స్కానర్ అద్దెకు దొరికే రోజుల్లో ఆ సాహసం ఎందుకో నాకు అర్థం కాదు.

పాతవి తీయడం

ఒకేసారి ఒక వైపే విప్పండి. ఎలా ఉండాలో సందేహం వస్తే రెండో వైపు చూసుకోవచ్చు. క్యాలిపర్ వెనుక గైడు పిన్నులను పట్టి ఉంచే రెండు బోల్టులు ఉంటాయి. పిన్ను కూడా తిరుగుతుంటే సన్నని పానాతో దాన్ని ఆపి పట్టుకుని బోల్టు విప్పాలి. క్యాలిపర్‌ను పైకి లాగి, చక్రం దగ్గరి సస్పెన్షన్ స్ప్రింగుకు గట్టి తీగతో వేలాడదీయండి. బ్రేకు పైపు మీదా మోటారు వైరు మీదా బరువు పడకూడదు. వైరు పొడవు చాలకపోతే దాని క్లిప్పు విప్పాలి గానీ కనెక్టర్‌ను ఊరికే పీకకండి, పీకితే కోడ్ పడుతుంది.

ప్యాడ్లు తీయగానే పారేయకుండా, రెండో వైపువీ తీశాక నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రాపిడి పదార్థం 2, 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. అసలు చూడవలసింది అరిగిన తీరు. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా ఉంటే క్యాలిపర్ పిన్నుల మీద జారడం లేదు. ప్యాడ్ ఏటవాలుగా అరిగితే ఒక పిన్ను బిగుసుకుంది. ఒక చక్రానివి అరిగి రెండోదానివి కొత్తగా ఉంటే, ఆ చక్రం పిస్టన్‌నో మోటారునో అనుమానించాలి. ఇవి సరిచేయకుండా కొత్తవి పెడితే అవీ అలాగే పోతాయి. ఎలక్ట్రిక్ కార్లలో మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు తక్కువ అరుగుతాయి గానీ, వాడకం లేక పిన్నులు తుప్పుపట్టి బిగుసుకునే బాధ ఎక్కువ.

డిస్కు అంచు దగ్గరో మధ్య భాగం మీదో కనీస మందం అంకె చెక్కి ఉంటుంది. మైక్రోమీటర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిచి అంతకు తక్కువ ఉంటే డిస్కులూ మార్చాలి. గోటికి తగిలే లోతు గాట్లున్నా, పగుళ్లున్నా అంతే.

శుభ్రం చేయడం, పిస్టన్ నెట్టడం

ప్యాడ్ చెవులు కూర్చునే గాడిలోని తుప్పును వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా గీకండి. కొత్త ప్యాడ్ అక్కడ వేలితో నెడితే జారాలి. సుత్తి అవసరమైతే గాడి శుభ్రం కాలేదని అర్థం. బ్రేకు పొడిని గాలి గన్నుతో ఊదడం మన షెడ్లలో మామూలే గానీ, ఆ ధూళి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. క్లీనర్ స్ప్రే కొట్టి గుడ్డతో తుడవండి. పిన్నులు లాగి, పాత గ్రీజు తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు చాసిస్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను ఇరుక్కుంటుంది.

ఇప్పుడు పిస్టన్. పాత ప్యాడ్‌ను దాని మీద ఆనించి, సీ క్లాంపుతో నిదానంగా, వంకర పోకుండా నెట్టండి. నట్టు వెనక్కి పోయి ఉంటే చేతి బిగువుకే లోపలికి పోతుంది. మధ్యలో రాయిలా ఆగిందా, మీరు ఆగండి. సర్వీసు మోడ్ పూర్తి కాలేదన్నమాట, మళ్లీ స్కానర్ దగ్గరికి వెళ్లండి. అక్కడ ఇంకో అర చుట్టు బిగిస్తేనే క్యాలిపర్ చెడేది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి ఉందేమో, మెలిపడిందేమో చూడండి. తొడుగు లోపల తడి కనిపిస్తే ఆయిల్ కారుతోందని అర్థం. అప్పుడు ప్యాడ్లతో పని అయిపోదు.

కొత్తవి పెట్టి మూయడం

కొత్త ప్యాడ్లలో లోపలిది, బయటిది వేరుగా ఉండవచ్చు. బాణం గుర్తు ఉంటే అది చక్రం ముందుకు తిరిగే వైపు ఉండాలి. వెనుక జిగురు కాగితం ఉంటే ఒలిచేయండి. చెవులకు మాత్రమే పల్చగా గ్రీజు రాయండి. రాపిడి ముఖానికి వేలి జిడ్డు కూడా అంటకూడదు.

క్యాలిపర్ దించి బోల్టులు బిగించండి. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో ఈ బోల్టులు ఒకసారి వాడేవే, కొత్తవి వేయాలి. వాటిలో చాలావాటికి 35 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. మీ కారు అంకె సర్వీసు పుస్తకంలో చూసుకోండి. ఇదే పని రెండో వైపూ చేయండి.

ఇక్కడ తొందరపడి స్కానర్‌లో మూసే ఆజ్ఞ ఇవ్వకండి. ముందు బ్రేకు పెడలును నెమ్మదిగా, గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. పిస్టన్ ముందుకు వచ్చి ప్యాడ్లను డిస్కుకు ఆనిస్తుంది. మధ్యలో ఖాళీ ఉండగా మోటారును మూయమంటే, ఎంత తిరిగినా బిగువు తగలక లోపం చూపించే అవకాశం ఉంది. పెడలు గట్టిపడ్డాక మూసే ఆజ్ఞ, స్కానర్ అడిగితే క్యాలిబ్రేషన్ (మోటారు స్థానాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించడం) ఇవ్వండి. మోటార్లు కొన్నిసార్లు బిగించి వదులుతాయి. తరువాత కోడ్లు తుడిచేయండి.

కారు ఇంకా స్టాండ్ల మీదే ఉండగా మీటతో బ్రేకు వేసి వెనుక డిస్కులను చేత్తో తిప్పి చూడండి. రెండూ కదలకూడదు. విడుదల చేస్తే, ఇంజన్ ముందు చక్రాలనే తిప్పే కార్లలో, రెండూ తిరగాలి. కొద్దిగా రాసుకుంటే ఫరవాలేదు. ఆయిల్ మట్టం రెండు గీతల మధ్యకు సరిచేయండి. డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే పోయాలి.

చక్రాలు తగిలించి, కారు దించి, బోల్టులను ఎదురెదురుగా టార్క్ పానాతో బిగించండి. పెడలు మరోసారి తొక్కి చూశాకే కారు కదిలించండి. మొదట గేటు దాకా నడక వేగంతో వెళ్లి బ్రేకు పరీక్షించండి.

తరువాత ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి 15 దాకా ఓ మాదిరి ఒత్తిడితో తగ్గించి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం పెంచుతూ, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు చేయండి. ప్యాడ్లు వేడిగా ఉండగా పార్కింగ్ బ్రేకు వేసి నిలపకండి. వెనుక బ్రేకుల మీద భారం తక్కువ కాబట్టి అవి డిస్కుకు పూర్తిగా కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పట్టవచ్చు. ఆ లోపు సన్నగా కీచుమంటే కంగారు పడనక్కరలేదు. పసుపు దీపం మళ్లీ వెలిగినా, ఒక చక్రం రెండోదాని కంటే బాగా వేడెక్కినా మాత్రం ఆపి చూడాల్సిందే. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల బోల్టుల బిగువు మరోసారి సరిచూసుకోండి.