పాతబస్తీకి రెండు రోజులు: ఏ వేళకు ఏం చూడాలి, ఏం కొనాలి, ఏం తినాలి

హైదరాబాద్ చూడటానికి రెండు రోజుల సెలవు దొరికినవారు సాధారణంగా ఉదయం గోల్కొండ, మధ్యాహ్నం చార్మినార్, సాయంత్రం ట్యాంక్‌బండ్, మర్నాడు ఫిల్మ్‌సిటీ అని పట్టిక వేసుకొని, అందులో సగం సమయాన్ని వాహనాల రద్దీకే సమర్పించి ఊరికి తిరిగి వెళ్తుంటారు. ఆ రెండు రోజులనూ దాదాపు పూర్తిగా మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీకే కేటాయించమని నేను గట్టిగా చెబుతాను. నది ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి పత్తర్‌గట్టి, చార్మినార్, లాడ్‌బజార్‌ల మీదుగా చౌమహల్లా ప్యాలెస్ వరకు ప్రతిదీ నడిచి చేరుకోగల దూరంలోనే ఉంది. అయితే ఈ బస్తీకి తనదైన దినచర్య ఉంది. మాంసపు షోర్వా (పలుచని పులుసు) అయిన నహారీ తెల్లవారుజామున వడ్డించడం మొదలై తొమ్మిది గంటలకల్లా అయిపోతుంది, దుకాణాలు పదకొండు దాటితే గానీ పూర్తిగా తెరుచుకోవు, గాజుల బజారైన లాడ్‌బజార్ దీపాలు పెట్టిన తరువాతే నిండుగా కనిపిస్తుంది. అందువల్ల చూడవలసిన స్థలాల కంటే ముందు, వాటి వేళలను సరిగ్గా కుదుర్చుకోవాలి.

అన్నిటికంటే ముందు వారం చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లాకు, పురానీహవేలీలోని నిజాం మ్యూజియానికి శుక్రవారమే సెలవు. పైగా ఆ మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు ఉంటుంది కనుక చుట్టుపక్కల వీధులన్నీ కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి శని, ఆదివారాలు ఎంచుకోవడం మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో తప్పనిసరై వస్తే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు నీడపట్టున ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి.

బస కోసం అబిడ్స్, నాంపల్లి, కోఠి ప్రాంతాలను చూడండి. నాంపల్లి, కాచిగూడ రైల్వేస్టేషన్లు, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ అన్నీ అక్కడికి దగ్గరే. మెట్రోలో వచ్చేవారు బస్‌స్టేషన్ వద్దే దిగి, అక్కడి నుంచి ఆటోలో గానీ నడిచి గానీ మూసీ దాటవచ్చు. సొంత కారు తెచ్చుకుంటే దాన్ని బస వద్దే వదిలివేయండి, ఎందుకంటే ఇరుకు వీధుల్లో దాన్ని నిలిపే చోటు వెతుక్కోవడంలోనే ఒక పూట గడిచిపోతుంది.

మొదటి రోజును ఆకలితో మొదలుపెట్టాలి. మాంసాహారులైతే తెల్లవారిన వెంటనే ఏదైనా పాత హోటల్‌లో నహారీ తినడం కంటే ఈ బస్తీకి మంచి పరిచయం వేరే లేదు. మేకకాళ్లను, నాలుకను రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించిన పలుచని షోర్వా అది. చేతికి జిగురుగా అంటుకుంటుందంటే బాగా ఉడికిందని అర్థం. దానితో కుల్చా గానీ చార్‌కోనీ నాన్ గానీ తెప్పించుకొని, నిమ్మకాయ పిండి, ముక్కలు ముంచుకుంటూ తినాలి. కుల్చాకు ఇక్కడ ఒక గౌరవం ఉంది. మొదటి నిజాంకు ఒక సూఫీ గురువు ఆశీర్వదించి కుల్చాలు పెట్టాడన్న కథ ప్రచారంలో ఉంది, ఆసఫ్‌జాహీల జెండా మీద కనిపించే గుండ్రని గుర్తు ఆ కుల్చాయేనని చెబుతారు. నాలుగు మూలల నాన్ కోసం పురానీహవేలీ వైపు వెళ్తే, తందూరు గోడకు నాన్‌లు అంటించి తీసే దుకాణాలు కనిపిస్తాయి. శాకాహారులు గుల్జార్‌హౌజ్, ఘాన్సీబజార్ పరిసరాల్లో బండ్ల మీద వేసే వెన్న దోసెలు, ఉప్మా దోసెలు తినవచ్చు. అవి కూడా ఉదయం వేళలోనే దొరుకుతాయి.

తొమ్మిది గంటలకు చార్మినార్ తెరవగానే పైకి ఎక్కాలి. పది దాటితే టిక్కెట్టు కోసమే కాదు, ఇరుకైన మెట్ల మీద కూడా వరుసలో నిలబడవలసి వస్తుంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నగరాన్ని స్థాపించినప్పుడే దీన్ని కట్టించాడు. నాలుగు ముఖాల మీద కనిపించే గడియారాలు మాత్రం 1889లో అమర్చినవి. పైనుంచి చూసేటప్పుడు ఫొటోలతో సరిపెట్టుకోకుండా నాలుగు దిక్కులకు సాగే నాలుగు రోడ్లను గమనించండి. ఉత్తరాన నాలుగు కమాన్‌లు, వాటి నడుమ గుల్జార్‌హౌజ్ ఫౌంటెన్, పశ్చిమాన లాడ్‌బజార్, నైరుతిలో మక్కా మసీదు కనిపిస్తాయి. ఈ నాలుగు రోడ్ల కూడలి చుట్టూనే నగరాన్ని అల్లుకుంటూ పోయారని అక్కడ నిలబడితే తెలిసిపోతుంది. ఆ రోజు ఇక దారి అడిగే అవసరం కూడా పెద్దగా రాదు.

కిందికి దిగి మక్కా మసీదు చూడండి. 1617లో మొదలుపెట్టిన ఈ నిర్మాణం కుతుబ్‌షాహీల పాలన ముగిసిన తరువాత, ఔరంగజేబు కాలంలో పూర్తయింది. మోకాళ్లు, భుజాలు కప్పే దుస్తులు వేసుకోవాలి, నమాజు వేళల్లో సందర్శన మానుకోవాలి. ఆవరణలో ఒక పక్కన వరుసగా ఆసఫ్‌జాహీ పాలకుల, వారి కుటుంబీకుల సమాధులు ఉన్నాయి.

అక్కడి నుంచి పావుగంట నడిస్తే చౌమహల్లా. సలాబత్‌జంగ్ 1750లో ప్రారంభించిన ఈ ప్రాసాదాన్ని అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తిచేశారు. ఖిల్వత్ దర్బారు మందిరంలో పైకప్పు నుంచి వేలాడే పందొమ్మిది బెల్జియం స్ఫటిక దీపాల కింద నిలబడటానికి ఉదయం వేళే తగినది, ఎందుకంటే మధ్యాహ్నమైతే పాఠశాలల బృందాలతో మందిరం నిండిపోతుంది. వెనుక ఉన్న వాహనశాలలో 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్‌ఘోస్ట్‌ను తప్పక చూడండి. లోపల తొందరపడవద్దు, ఇక్కడి తోటల్లో కూర్చోవడానికి చోటుంది, ఆ తరువాత రోజంతా అలాంటి చోటు దొరకదు.

మధ్యాహ్న భోజనం బిర్యానీయే కావాలనుకుంటే ఒంటిగంట ప్రాంతంలో, మొదటి దేగ్‌లు (పెద్ద వంట పాత్రలు) దింపిన వేళకు వెళ్లండి. పచ్చి మాంసాన్నే పెరుగు, మసాలాలలో నానబెట్టి, దానిపైన సగం ఉడికిన బియ్యాన్ని పరచి, ఆవిరి పోకుండా అంచులకు పిండి మెత్తి దమ్ము పెట్టే కచ్చీ బిర్యానీ హైదరాబాద్ ప్రత్యేకత. కొత్త దేగ్ మూత తీసినప్పుడు మెతుకులు విడివిడిగా నిలబడి, కొన్ని తెల్లగా, కొన్ని కుంకుమపువ్వు రంగులో ఉంటాయి. సాయంత్రానికి అదే అన్నం అడుగున ముద్దవుతుంది. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, మిర్చీ కా సాలన్ మితంగా కలుపుకోండి.

ఇక కొనుగోళ్ల విషయం. ముత్యాలను పగటి వెలుగులోనే కొనాలి, రాత్రి దీపాల కింద ఎన్నడూ కొనరాదు. అందుకే వాటిని మొదటి రోజు మధ్యాహ్నానికి పెట్టుకోమంటున్నాను. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాతి దశాబ్దాల్లో జరిగిన పునర్నిర్మాణంలో రూపుదిద్దుకున్న రాతి కమానుల వరుస పత్తర్‌గట్టి, అక్కడే ముత్యాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. హైదరాబాద్‌లో ముత్యాలు పండవు. వాటికి రంధ్రాలు వేయడంలో, సైజులవారీగా ఏర్చి గుచ్చడంలో ఉన్న నైపుణ్యమే ఈ నగరానికి పేరు తెచ్చింది. ఒకప్పుడు పర్షియా గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి. నేడు దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా చైనాలో సాగుచేసిన మంచినీటి ముత్యాలు. ఇందులో మోసమేమీ లేదు, అవీ నిజమైన ముత్యాలే. బస్రా అని చెప్పి బస్రా ధరకు అమ్మితేనే మోసం.

ముత్యాన్ని పరీక్షించడానికి మూడు పనులు చేయండి. దండను దుకాణం గడప వద్దకు, సహజమైన వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. అన్ని గింజలూ ఒక్క అచ్చులో పోసినట్టు ఏమాత్రం తేడా లేకుండా ఉంటే అనుమానించాలి. రెండు ముత్యాలను ఒకదానికొకటి నెమ్మదిగా రుద్దితే నిజమైనవి ఇసుక తగిలినట్టు కాస్త గరుకుగా అనిపిస్తాయి, గాజు పూసలైతే జారిపోతాయి. చివరిగా రంధ్రం అంచును దగ్గరగా చూడండి. నకిలీ పూసలకు అక్కడ పైపూత పొరలా లేచి, లోపలి గాజు కనిపిస్తుంది. మంచి దండలో ప్రతి ముత్యానికీ మధ్య దారంతో చిన్న ముడి వేసి ఉంటుంది, దారం తెగినా అన్నీ రాలిపోకుండా కాపాడేది ఆ ముడే. ముడులు లేకపోతే వేయించమని అడగండి, మీరు టీ తాగి వచ్చేలోగా గుచ్చి ఇచ్చే దుకాణాలున్నాయి. బిల్లు మీద ముత్యం రకం రాయించుకోండి. బంగారంలో పొదిగినదైతే హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు స్థానాలుండే గుర్తింపు సంఖ్య ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

నాలుగున్నరకు ఇరానీ చాయ్. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కావచ్చు, మరే పాత హోటలైనా కావచ్చు. డికాక్షన్‌ను మూతబెట్టి గంటల తరబడి మరిగించి, విడిగా కాచి చిక్కబరిచిన పాలను కప్పులో కలిపి ఇస్తారు. ఇంకా చిక్కగా, పాలు ఎక్కువగా కావాలంటే పౌనా అని అడగాలి. తోడుగా ఉస్మానియా బిస్కెట్ ఎలాగూ తింటారు కనుక, పొరలు పొరలుగా విరిగే ఫైన్ బిస్కెట్‌ను కూడా ఒకసారి ముంచి చూడమని నా మనవి.

చీకటి పడ్డాక లాడ్‌బజార్‌లోకి అడుగుపెట్టండి. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. వీటిని కొనడానికి ముందు పక్క సందుల్లోని ఏదైనా కార్ఖానా వద్ద ఆగి, తయారీని చూడటానికి అనుమతి అడగండి. సాధారణంగా కాదనరు. పనివారు బొగ్గుల సెగ మీద మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, వృత్తంగా వంచి, కొలతకు సరిచేసి, అది చల్లారక ముందే రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతూ పోతారు. రాయి ఆలస్యంగా పెడితే అంటుకోదు, లక్క మరీ వేడిగా ఉంటే లోపలికి కూరుకుపోతుంది. ఆ వేగాన్ని ఒక్కసారి చూసినవారు బేరమాడేటప్పుడు కూడా కొంత న్యాయంగా మాట్లాడతారని నా నమ్మకం.

ఎవరికోసమైనా కొంటున్నట్లయితే సైజు రాసుకొని తీసుకెళ్లాలి. 2-4 అంటే రెండుంబావు అంగుళాల లోపలి వ్యాసం, 2-6, 2-8 ఆపైవి. లక్క గాజు లోహపు గాజులా సాగదు కనుక సందేహంగా ఉంటే పెద్ద సైజే తీసుకోండి. రాళ్ల మీద గోరుతో మెల్లగా గీసి ఏదైనా కదులుతోందేమో చూడండి, అతుకు దగ్గర పగులు ఉందేమో వెతకండి. వీధి మొదట్లోని దుకాణాల్లో ధర మాత్రమే అడిగి, లోపలికి నడిచి, నాలుగైదు చోట్ల చూశాక బేరం మొదలుపెట్టాలి. చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టడం ఇక్కడ తప్పుగా భావించరు. కొన్న గాజులను ఎండలో నిలిపిన వాహనంలో వదలకండి, వేడికి లక్క మెత్తబడి ఆకారం చెడిపోతుంది.

అత్తరు కొనదలచినవారు ఒక్కటే గుర్తుంచుకోవాలి. సీసా మూత దగ్గర వాసన చూసి నిర్ణయించవద్దు. మణికట్టు మీద ఒక చుక్క రాయించుకొని, అరగంట బజారంతా తిరిగి, అప్పటికీ నచ్చితేనే వెనక్కి వచ్చి కొనండి. ఖస్ (వట్టివేరు), గులాబీ, తొలివాన పడిన మట్టి వాసననిచ్చే గిల్ కొత్తవారికి సులువుగా నచ్చుతాయి. అత్తరును తులాల లెక్కన అమ్ముతారు, పావు తులం చాలాకాలం వస్తుంది. పట్టుబట్టల మీద రాస్తే మరక పడుతుంది.

ఆ రాత్రి భోజనానికి పత్తర్ కా గోష్త్ దొరికే చోటు చూసుకోండి. బొగ్గులతో కాలిన నల్లరాతి పలక మీద పల్చని మాంసపు ముక్కలను కాల్చి, రాతి మీంచి నేరుగా ప్లేటులో వేస్తారు. రంజాన్ నెలలో వచ్చినవారికి మాత్రం ఈ ప్రణాళిక అంతా తలకిందులవుతుంది. పగలు హోటళ్లు మూసి ఉంటాయి లేదా తెర వెనుక నడుస్తాయి, ఇఫ్తార్ తరువాత మొదలైన బజారు సహర్ (తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే భోజనం) వేళ దాకా సాగుతుంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీమ్ వీధి వీధికీ దొరుకుతుంది. జనసమ్మర్దానికి ఇబ్బంది పడనివారికి అంతకంటే మంచి కాలం లేదు. చిన్నపిల్లలతో, వృద్ధులతో వచ్చేవారికి మాత్రం నేను సలహా ఇవ్వను.

రెండో రోజు ఉదయాన్ని పూర్తిగా సాలార్‌జంగ్ మ్యూజియానికి ఇవ్వండి. పదింటికి తెరుస్తారు. అన్ని గదులూ చూడాలన్న పట్టుదల మాత్రం పెట్టుకోవద్దు, మూడో గంటకు కళ్లు దేన్నీ పట్టించుకోవు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు కాసేపు నిలబడండి. పాలరాతి ముసుగు చాటున ముఖం కనిపించే తీరు ఫొటోల్లో పట్టుబడదు. తరువాత, ఒకే దుంగకు ముందువైపు మెఫిస్టోఫిలిస్‌ను, వెనుకవైపు మార్గరెటాను (జర్మన్ కవి గోథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలోని పాత్రలు) చెక్కిన కొయ్యశిల్పం. ఏ గంటకైనా అయిదు నిమిషాల ముందే సంగీత గడియారం వద్దకు చేరుకోవాలి. గడ్డపు బొమ్మ తలుపు తీసుకొని వచ్చి గంట కొడుతుంది, పన్నెండు గంటలప్పుడు అన్ని దెబ్బలూ వినవచ్చు కాబట్టి నేను ఆ వేళనే ఎంచుకోమంటాను. ఓపిక మిగిలితే పురానీహవేలీకి వెళ్లి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తుల గది చూడవచ్చు. రెండంతస్తులుగా కట్టిన కొయ్య అల్మారాలు ఆ భవనంలో ఒక పక్క పొడవునా సాగుతాయి, పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే కొయ్య లిఫ్టు కూడా ఉంది.

ఆ రోజు ఆదివారమే కనుక మధ్యాహ్నం మూసీ దాటి అబిడ్స్ చేరుకుంటే, మూసి ఉన్న దుకాణాల ముందు కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి కనిపిస్తాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పుస్తకాలు కలగలిసి ఉంటాయి, ఓపికగా గుట్టలు తిరగేసేవారికే మంచివి దొరుకుతాయి. అక్కడికి దగ్గరలోనే, 1935లో కట్టిన రాతి భవనం మొజంజాహీ మార్కెట్. దాని పరిసరాల్లో పండ్ల ఐస్‌క్రీములు, బేకరీ బిస్కెట్లు, మిఠాయిలు దొరుకుతాయి. ఊరికి తీసుకెళ్లడానికి జౌజీ హల్వా సరైనది. మొలకెత్తించిన గోధుమలు, పాలు, నెయ్యి, జాజికాయలతో చేసే ఈ ముదురు రంగు హల్వా ప్రయాణంలో పాడవదు. ఖుబానీ కా మీఠా, డబల్ కా మీఠా మాత్రం అక్కడే కూర్చొని తినవలసినవి, వాటిని డబ్బాలో కట్టించుకుంటే రైలెక్కేలోపే రసం కారడం మొదలవుతుంది.