ఒంటి మాట – 4వ పాఠం: ఆకలి ఎక్కడ వేస్తుంది?

ఒంటి లోపలి కబుర్లు వినడం నేర్చుకునే పాఠాలివి. పోయిన పాఠంలో మణికట్టు మీద వేలు పెట్టకుండా, కళ్ళు మూసుకుని గుండె కొట్టుకోవడం లెక్కపెట్టమన్నాను. మీలో చాలామందికి గుండె చప్పుడేమీ తెలిసి ఉండదు. పర్వాలేదు, మొదటి వారం నాకు గోడగడియారం టిక్కుటిక్కులే వినిపించాయి. ఈసారి పుట్టిన దగ్గర్నుంచీ మనకు బాగా తెలుసనుకునే దాని దగ్గరికి వద్దాం.

మీకు ఆకలి ఎక్కడ వేస్తుంది? ‘ఎక్కడేంటి, కడుపులోనే’ అంటారు. అమెరికాలో వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రజ్ఞుడిదీ అదే మాట. 1912లో ఆయన, ఆయన విద్యార్థి వాష్‌బర్న్ కలిసి ఒక ప్రయోగం చేశారు. వాష్‌బర్న్ ఒక రబ్బరు బుడగ మింగి, కడుపులో దానికి గాలి పట్టించుకుని, ఆకలి మెలిపెట్టినప్పుడల్లా మీట నొక్కేవాడు. కడుపు ముడుచుకున్న వేళలూ వాష్‌బర్న్ మీట నొక్కిన వేళలూ చాలావరకు కలిశాయి. బాగానే ఉంది. కానీ ఆపరేషన్‌లో కడుపు మొత్తం తీసేసినవాళ్ళల్లో కూడా కొందరికి ఆకలి వేస్తుంది కదా! అంటే కడుపు ముడుచుకోవడం ఒక్కటే ఆకలి కాదన్నమాట.

1999లో జపాన్ పరిశోధకులు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుక్కున్నారు. ఇది ఎక్కువగా కడుపు లోపలి పొరలోనే తయారవుతుంది. మనం రోజూ తినే వేళకి కాస్త ముందుగా రక్తంలో పెరుగుతుంది. రోజూ ఒంటిగంటకి తినేవాళ్ళకి ఒంటిగంటకి ఆకలి వేయడంలో దీని పాత్ర పెద్దది. ఆ వేళ దాటిపోతే, ఏమీ తినకపోయినా కాసేపటికి మళ్ళీ తగ్గుతుంది. ‘ఇందాక వేసింది, ఇప్పుడు ఆకలి చచ్చిపోయింది’ అని ఇళ్ళల్లో అనేది దీని గురించేనని నా అనుమానం.

ఇక అసలు సాధన. ఆకలి అని మనం ఒక్క మాటతో సరిపెట్టేస్తాం గానీ, మన భాషలో దానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. కడుపు నకనకలాడుతుంది. నోరూరుతుంది. నీరసం వస్తుంది. ఊరికే చిరాకు పుడుతుంది. ఇవి వేరు వేరు చోట్ల నుంచి వచ్చే కబుర్లు. నకనకలాడేది పొట్టలో. నోరూరడానికి పొట్టతో పని లేదు, పక్కింటివాళ్ళు పోపు పెడితే చాలు. చిరాకైతే ఎక్కడిదో చెప్పడం కష్టం. ఆకలిదీ కావచ్చు, పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగకపోవడం వల్లా కావచ్చు, సరిగ్గా నిద్ర లేకా కావచ్చు.

వీటిని విడదీయడానికి మన సామెతే పనికొస్తుంది: ఆకలి రుచెరుగదు. దీన్ని నేను పరీక్షగా వాడతాను. ఏదైనా తినాలనిపించినప్పుడు ‘ఇప్పుడు వట్టి చారన్నం పెడితే తింటానా?’ అని నన్ను నేను అడుగుతాను. తింటాననిపిస్తే నిజం ఆకలే.

మొన్న సాయంత్రం నాలుగున్నరకి ఇంటి లోన్ గురించి ఒక ఫోన్ మాట్లాడి పెట్టేశాను. చూస్తే నా చెయ్యి జంతికల డబ్బా మీద ఉంది. మూత తీసిన సంగతి కూడా గుర్తు లేదు. ఒకటి నోట్లో, ఒకటి చేతిలో. అక్కడే ఆగి చారన్నం ప్రశ్న వేసుకున్నాను. గిన్నెలో మధ్యాహ్నం అన్నం ఉంది, చారూ ఉంది. వద్దనిపించింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే అక్కడ ఏ గొడవా లేదు. గొడవంతా దవడల్లో ఉంది. పళ్ళు బిగబట్టి ఉన్నాను, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. నా టెన్షన్‌కి కరకరా నమిలేది ఏదో ఒకటి కావాలి, అంతే. తెలిసింది కదా అని డబ్బా మూసేశానా? లేదు, ఇంకో రెండు తిన్నాను. మామూలుగా అయితే డబ్బా సగానికి దిగేది.

మొదలు సంగతి ఇది. ఎక్కడ ఆపాలన్నది ఇంకా కష్టం. పొట్ట సాగుతున్నట్టు అక్కడి నరాలు మెదడుకి వెంటనే చెబుతాయి గానీ, పేగుల్లోని హార్మోన్ల కబురు పూర్తిగా అందడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. మనం పది నిమిషాల్లో కంచం ఖాళీ చేస్తాం. పైగా మన భోజనంలో ఒక తిరకాసు ఉంది. ఒకే రుచి తింటూ ఉంటే దాని మీద ఇష్టం తగ్గుతుంది, కొత్త రుచి రాగానే మళ్ళీ పుడుతుంది. పప్పు అయ్యాక కూర, తర్వాత పులుసు, చారు, పెరుగు. అయిదుసార్లు ఆకలి కొత్తగా వేసినట్టుంటుంది. పెళ్ళి భోజనంలో పొట్ట పగిలేలా తిన్నాక కూడా ఐస్‌క్రీమ్‌కి చోటు దొరకడం ఇందుకే.

ఈ తిరకాసులోనే దారి కూడా ఉంది. చారుకీ పెరుగుకీ మధ్య ఆగండి. చెయ్యి కంచంలోనే ఉంచి, పది ఊపిర్లు తీసుకోండి. పొట్ట పైభాగం, పక్కటెముకల కింద, ఎలా ఉంది? ఊపిరి హాయిగా లోపలికి దిగుతోందా, అడ్డు తగులుతోందా? అడ్డు తగిలితే భుక్తాయాసం బయల్దేరినట్టే. త్రేన్పు వస్తే చాలించాలని కొందరు పెద్దవాళ్ళంటారు. నేను దాన్ని నమ్మను, గబగబా తింటూ గాలి మింగినా త్రేన్పు వస్తుంది. కొసరి కొసరి వడ్డించే అత్తయ్యగారు ఎదురుగా ఉంటే ‘పెరుగులోకి చోటు ఉంచుకున్నానండీ’ అనండి. పెరుగు వద్దంటేనే మన ఇళ్ళల్లో బాధపడతారు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు నిజం ఆకలా కాదా అని పరీక్షిస్తూ భోజనం వాయిదా వేయకూడదు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మీటర్‌తో చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే ముందు పంచదార నీళ్ళు, ఆ తర్వాతే ఏ ఆలోచనైనా. మీటర్ దగ్గర లేకపోతే కూడా పంచదార నీళ్ళే. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్న కొందరికి ఈ హెచ్చరికలు కూడా సరిగా అందవు. అలాంటివాళ్ళకి ఒంటి మాట కంటే మీటర్ మాటే నమ్మకం.

ఈ వారం పని: మూడు రోజులు, మధ్యాహ్నం అన్నం ముందు ఒకసారి, పెరుగు ముందు ఒకసారి, ఒంట్లో ఎలా ఉందో ఒక చిన్న పుస్తకంలో ఒక్కో మాట రాయండి. పదికి ఎన్ని అని మార్కులు వేయకండి, మాటే రాయండి. ‘నకనక’, ‘ఉత్త నోరు’, ‘బరువు’, ‘ఏమీ లేదు’, ఏదైనా సరే. వచ్చే పాఠం నిద్ర గురించి, అప్పుడు ఈ మాటలతో పని పడుతుంది. రెండో రోజుకే పుస్తకం సంగతి మర్చిపోతారు, నేనూ మర్చిపోయాను. దాన్ని పెరుగు గిన్నె మీద మూతలా పెట్టండి.